బెర్లిన్ రైల్వే రాజు కథ

ఒరేయ్ మామా,

ఎలా ఉన్నావ్రా? మొన్న ఫోన్లో బెర్లిన్ రైల్వే రాజు అని పేరుపడ్డ స్ట్రౌస్‌బెర్గ్ గురించి మొదలుపెట్టి మధ్యలో ఆపేశా కదా, మిగతాది ఇదిగో.

1823లో అప్పటి జర్మన్ రాజ్యం ప్రష్యా తూర్పు భాగంలోని నైడెన్‌బుర్గ్‌లో ఓ యూదు కుటుంబంలో పుట్టాడు, కుర్రాడిగానే లండన్ వెళ్ళి అక్కడ ఇంగ్లీషూ, జర్నలిజమూ, ఇన్సూరెన్స్ పనీ నేర్చుకుని బెర్లిన్ చేరాడు. 1860ల్లో ఇంగ్లీషు పెట్టుబడిదారుల తరఫున టిల్సిట్-ఇన్‌స్టర్‌బుర్గ్ రైల్వే లైను కట్టే పని పట్టాడు, అక్కణ్ణుంచి ఇక ఆగలేదు, బెర్లిన్-గోర్లిట్స్, హాలే-సొరావ్-గూబెన్, ఇలా ఒకదాని వెంట ఒకటి.

మరి అంత డబ్బెక్కడిది అంటావా, అసలు కిటుకే అది. కాంట్రాక్టర్లకి క్యాష్ బదులు ఆ రైల్వే షేర్లే ఇచ్చేవాడు. షేరు మీద రాసున్న విలువ మార్కెట్లో పలకదని వాళ్ళకీ తెలుసు, అందుకే రేట్లు ముందే పెంచి రాసుకునేవాళ్ళు, దాంతో కాగితం మీద లైను ఖరీదు పెరిగిపోయేది. షేర్లకి గిరాకీ ఉన్నన్నాళ్ళే ఆ చక్రం తిరుగుతుంది. అయినా ఒకటి ఒప్పుకోవాల్రా, ప్రభుత్వం కట్టని చోట్ల కూడా నిజంగా రైళ్ళు నడిచాయి. హనోవర్లో ఇంజన్ల ఫ్యాక్టరీ కొన్నాడు, వర్కర్లకి ఇళ్ళు కట్టించాడు, బెర్లిన్‌లో విల్‌హెల్మ్‌స్ట్రాస్సె అనే వీధిలో ప్యాలెస్ లేపాడు, బొహీమియాలో (ఇప్పటి చెక్ దేశం) జ్బిరో కోట, ఒక న్యూస్‌పేపరు, పార్లమెంటు సీటు, అన్నీ.

ముంచింది రుమేనియా. 1868లో అక్కడి లైన్ల కాంట్రాక్టు దక్కింది, 7.5 శాతం వడ్డీ అని బాండ్లు అమ్మారు, జర్మనీలో ఎంతోమంది మామూలు జనం దాచుకున్నదంతా అందులో పెట్టారు. 1870లో ప్రష్యాకి ఫ్రాన్స్‌తో యుద్ధం వచ్చింది, మార్కెట్ బిగుసుకుంది, 1871 జనవరిలో కట్టాల్సిన వడ్డీ కట్టలేకపోయాడు. చివరికి బ్లైష్‌రోడర్, హాన్సెమాన్ లాంటి బ్యాంకర్లు దిగి ఆ గొడవ నెత్తినేసుకోవాల్సొచ్చింది. 1875లో ఒక మాస్కో బ్యాంకు కూలిపోయిన కేసులో రష్యాలో అరెస్టయ్యాడు, జైల్లో కూర్చుని ఆత్మకథ రాసుకున్నాడు, తిరిగొచ్చాక మళ్ళీ నిలదొక్కుకోలేక 1884లో బెర్లిన్‌లోనే పేదవాడిగా పోయాడు. బెర్లిన్‌లో అతను లేపిన ఆ ప్యాలెస్ బ్రిటిష్ ఎంబసీ అయింది.

నన్ను బాధపెట్టేది ఇంకోటుంది. అదే పద్ధతిలో లాభపడ్డ పెద్దింటి జర్మన్ దొరలు అతని పార్ట్‌నర్లుగా ఉన్నారు, కానీ పతనం తర్వాత పత్రికలు అతని యూదు పుట్టుకనే పట్టుకుని ఎగబడ్డాయి. బాండ్లు కొన్నవాళ్ళ కోపం న్యాయమే, అది వేరు. కానీ తప్పు ఒక్కడి పుట్టుక మీదకి నెట్టేసి ఆ షేర్ల పద్ధతిని వదిలేశారు చూడు, అదే నాకు మింగుడుపడట్లేదు. నువ్వు బ్యాంకు వైపు నుంచి ఆలోచిస్తావు కదా, నీకేమనిపిస్తుందో తీరిగ్గా రాయరా.

నీ
శీను