మేడారం బంగారం తూకంల తక్కువ పోయింది, మా పాత గిరాకీలకు చెప్పాల్సిన మాట

అక్కలకు, అన్నలకు, మా బాపు కాలం నుంచి వరంగల్ బీట్‌బజార్ల మా బెల్లం దుకాణానికి వస్తున్న పెద్దమనుషులకు నమస్తె. సుత్తి లేకుంట చెప్తున్న. జనవరి 28 నుంచి 31 దాక అయిన మేడారం జాతరకు మా కాడ నిలువెత్తు బంగారం, అంటే మనిషి బరువుకు సమానంగ అమ్మకు మొక్కే బెల్లం, జోకించుకొని పోయినోళ్లల్ల 68 ఇండ్లోళ్లకు తూకంల తక్కువ పోయింది. పది కిలోల ముద్ద అని నేను ఇచ్చింది పది కిలోలు లేదు. ఒక్కో ముద్దకు ఆరువందల గ్రాములకు అటుఇటు తక్కువ. అరవై కిలోల మనిషి ఎత్తు ఇచ్చినోళ్లకు మూడున్నర కిలోలు తక్కువన్నట్టు.

ఇది ఎట్ల బయటపడ్డదో చెప్తే మీకు మొత్తం సమజైతది.

29 గురువారం పొద్దుగాల, ఆ సాయంత్రమే చిలకలగుట్ట మీంచి సమ్మక్క తల్లి గద్దెకొచ్చేది, నర్సంపేట దిక్కు నుంచి ఒక ఇంటోళ్లు వచ్చిన్రు. నాయనమ్మ, కొడుకు, కోడలు, ఏడేండ్ల పిలగాడు. పిలగాని మొక్కే. ఎలక్ట్రానిక్ కాంట మీద నిలబెడితే 22 చూపించింది, సరేనని రెండు పెద్ద ముద్దలు, రెండు కిలో ముద్దలు తీసి పెట్టిన. అంతల వెనకున్నోళ్లు వాళ్ల పిల్లను నిలబెట్టమన్నరు, కాంట ఛార్జింగ్ దిగిపోయింది, అంకెలు పోయినయి. ఇగ వెనక అర్రల బస్తాల మీద పడేసిన బాపు తరాజు తెచ్చి దూలానికి తగిలిచ్చిన, గొలుసు కొక్కెం ఇంకా అట్లనే ఉంది. ఆ పిలగాడు తరాజు చూసి నేను ఎక్కుత అని గునిసిండు. సరే ఎక్కు అన్న, ఎట్లయిన జోకిందే కదా అని. పిలగాడు రెండు చేతుల గొలుసు పట్టుకొని కూసున్నడు, అవతలి పళ్లెంల బంగారం పెట్టిన, నాయనమ్మ ముద్దలకు పసుపు బొట్టు పెట్టింది. పిలగాని పళ్లెం నేల మీంచి లేవలే. కదలనన్న కదలలే.

ఆ అవ్వ నా దిక్కు చూడలే. చేతులు జోడించి, అమ్మ ఇంకా అడుగుతుంది బిడ్డా, ఇంకో కిలో పెట్టు అన్నది, కొంగు ముడి ఇప్పి పైసలు తీసింది. ఇంకో కిలో పెట్టిన, అప్పుడు లేచింది గాని ఇంకా సరిగ తూగలే, పావు కిలో దాక పగలగొట్టి ఏస్తే ముల్లు నడుమకొచ్చింది. ఆమె తల్లి అడిగిందనుకున్నది, నాకు మాత్రం కాళ్లల్ల వణుకు పుట్టింది, ఎందుకంటే తరాజు అబద్ధం చెప్పదని నాకు ఎరుకే. పైన పెట్టిన బంగారానికి పైసలు తీసుకోలే. వాళ్ల ముందట్నే బాట్లేసి పెద్ద ముద్ద జోకిన. తొమ్మిది కిలోల నాలుగువందలు. ఇంకోటి, తొమ్మిది మూడువందల యాభై. దుకాణంల మిగిలిన 30 ముద్దలు మధ్యాహ్నం దాక ఒక్కొక్కటి జోకిన, ఒక్కటి సుత పది లేదు.

సప్లయర్ సంగతి. పంతొమ్మిదేండ్ల నుంచి ఒక్క మనిషి కాడనే తెస్తున్న, ఆయన పేరు రాయను. మా బాపు పోయిన దినాల్ల వచ్చి పది రోజులు నా పక్కన కూసున్న మనిషి. జాతర కోసం 400 ముద్దలు ఆర్డర్ ఇచ్చిన, జనవరి మొదట్ల లోడు దిగింది, బిల్లు మీద నాలుగు వేల కిలోలు అని ఉంది, పైసలు మొత్తం ముందే కట్టిన. ఫోన్ చేస్తే మొదలు ఏమన్నడంటే, బెల్లం ఆరితే తగ్గుతది కదా అన్నడు. బెల్లం ఆరితే తగ్గుతదని నాకు ఆయన చెప్పాల్నా? నీళ్లు పోతయి, తగ్గుతది, నిజమే, కాని మీరే చూసిన్రు కదా ఆ ముద్దలు ప్లాస్టిక్ కవర్ల గట్టిగ చుట్టి వచ్చినయి, మూడు వారాల్ల కవర్ లోపట్నుంచి ఆరువందల గ్రాముల నీళ్లు ఎటు పోతయి? అట్ల ఆరితే ముద్ద పగుళ్లిచ్చి రాయి లెక్క అయితది, ఇవి గోరుతో గీకితే వస్తున్నయి. మళ్ల చేస్తే గోనె, తాడు, కవర్ అన్ని కలిపి పదికి జోకుతరు, బజార్ల అందరు గట్లనే జేస్తరు అన్నడు. అందరు గోనె బరువుకు బెల్లం పైసలు తీసుకుంటరేమో, మా దుకాణంల తీసుకోలే, ఇంతకుముందు ఆయన సుత తీసుకోలే. మూడోసారి ఐదు వేలు తగ్గించుకుంట అన్నడు. వద్దన్న. నాకు ఐదు వేలు కాదు కావాల్సింది, వచ్చి నా ముందట తరాజు కాడ నిలబడు అన్న. ఆ తర్వాత ఫోన్ ఎత్తుతలేడు. ఇగ ఆయన కాడ బెల్లం తెచ్చేది లేదు, కిలోకు పది రూపాయలు తక్కువకిచ్చినా తేను.

గాని తప్పు మొత్తం ఆయన మీద ఏసి తప్పించుకునుడు నాకు రాదు. 2024 ఫిబ్రవరి జాతరకు మీరే చూసిన్రు, లైను రోడ్డు దాక పోయింది, తరాజు మీద ఒక్కో మనిషిని జోకుటానికి పావుగంట, చంటిపిల్లల తల్లులు ఎండల నిలబడ్డరు. అందుకని ఈసారి కాంట కొన్న. మనిషి నిలబడాలె, అంకె చూడాలె, ముద్దలు లెక్కపెట్టి ఇయ్యాలె. పని తొందరగైంది, నాకు మంచిగనిపించింది సుత. కాని తరాజు మీద అయితే మనిషి ఒక దిక్కు, బంగారం ఒక దిక్కు, రెండు తూగేదాక ఎవలు దిగరు. కాంట మీద నేను జోకింది మనిషినే, బంగారాన్ని జోకలే. 370 ముద్దలు గట్లనే పోయినయి.

మరి గురువారమే ఎందుకు చెప్పలే అంటరు. చెప్పాల్నా వద్దా అని వారం రోజులు నిద్రలేదు. మీరు మా కాడికి ఊకె బెల్లం కొననీకి రారు. ఐనవోలు మల్లన్న, కొత్తకొండ వీరన్న జాతర్లు చూసుకొని, కొందరు వేములాడ రాజన్న కాడికి పోయొచ్చి, ఇగ మేడారం అని ఇంటిల్లిపాది వస్తరు. మేడారంల సుత బంగారం దొరుకుతది, అయినా ఇక్కడ్నే జోకించుకొని వంద కిలోమీటర్లు మోసుకపోతరు. గట్టమ్మ కాడ ఆగి కొబ్బరికాయ కొట్టి, జంపన్నవాగుల మునిగి, తడిబట్టలతోని నెత్తి మీద పెట్టుకొని గద్దెల కాడికి పోతరు. గట్ల మొక్కు తీర్చుకొని సంతోషంగ వచ్చినోళ్లకు ఫోన్ చేసి మీ మొక్కు తక్కువైంది అని ఎట్ల చెప్పాలె? రేపు పిల్లకు జ్వరమొస్తే గందుకే వచ్చిందని తల్లి బుగులు పడదా? మా బావ, అమ్మ కిలోలు జూస్తదా, ఊకో అన్నడు. నేనే మొత్తం తక్కువైన బంగారం ఆటో ట్రాలీల ఏసుకపోయి జాతర అయినంక వచ్చే తిరుగువారం నాడు గద్దెల కాడ పోసొద్దాం, ఎవలకు తెల్వద్దు అనుకున్న, బుధవారానికి ట్రాలీ సుత మాట్లాడుకున్న. మా అవ్వ ఒప్పుకోలే. మొక్కు ఎవలదో వాళ్ల చేతి నుంచి పోవాలె, నువ్వు పోసొస్తే అది నీ మొక్కైతది, వాళ్లది గట్లనే ఉంటది అన్నది. ట్రాలీ వద్దని చెప్పిన. అమ్మ కిలోలు చూడదేమో, అది అమ్మకు మీకు నడుమ సంగతి. మీరు నా తూకాన్ని నమ్మి పైసలిచ్చిన్రు, నేను జవాబు చెప్పాల్సింది దానికి.

అందుకని ఇట్ల చేస్తున్న. మీరు తీసుకున్న ఒక్కో పెద్ద ముద్దకు 700 గ్రాముల లెక్కన బంగారం ఇస్త, కిలో ముద్దలు సరిగనే ఉన్నయి, వాటితోని ఇబ్బంది లేదు. పైసలు వాపస్ ఇయ్యను, అది మాత్రం అడగొద్దు. మొక్కింది బంగారం, పైసలు కాదు. గద్దెల కాడికి జాతర అయినంక ఎప్పుడైన పోవచ్చు, లేదంటే వచ్చే ఏడు మాఘంల చిన్న జాతరకు పట్టుకపోండ్రి, అప్పటిదాక మా కాడ పెట్టమంటె మీ పేరు రాసి పెడత. కొత్త లోడు వేరే కాడ నుంచి తెప్పిచ్చిన, దిగిన రోజే ఒక్కో ముద్ద జోకి బరువు సుద్దముక్కతో కవర్ మీద రాసిన. తరాజు మళ్ల దూలానికి కట్టిన, ఇగ దిగది. వచ్చే జాతరకు లైను రోడ్డు దాక పోతె టెంటేస్త, కుర్చీలేస్త, నీళ్లు పెడత, మీరు జరసేపు కూసోవాలె.

గుడుంబకు పోతదని బెల్లం దుకాణాల మీద ఆబ్కారోళ్ల కన్ను ఎప్పుడు ఉంటది కాబట్టి ఎక్కువ కొన్నోళ్ల పేరు, ఫోన్ నంబర్ రాసుకునే అలవాటు మాకుంది, గా పుస్తకం చూసి ఫోన్లు చేస్తున్న, 41 ఇండ్లోళ్లకు అయింది. నంబర్లు కలవనోళ్లు, రష్ల పేరు రాయించకుంట తీసుకపోయినోళ్లు కొంతమంది ఉన్నరు. మీరు నేరుగ దుకాణానికి రాండ్రి, పొద్దుగాల తొమ్మిదింటి నుంచి రాత్రి ఎనిమిది దాక నేనే ఉంట. చిట్టీ గిట్టీ తేవాల్సిన పని లేదు, ఎవల ఎత్తు జోకించిన్రో, ఎన్ని కిలోలు అయ్యిందో నోటితోని చెప్పుండ్రి, జోకి ఇస్త.