మా ఆదివారం హాలు గురించి మేయర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మేం అరవై మంది క్రైస్తవులం, సొంత గుడి లేదు. ఒక ట్యూషన్ సెంటర్ పైఅంతస్తు హాలు ఆదివారం పొద్దున పూట అద్దెకు తీసుకుని మూడేళ్లుగా ఆరాధన చేసుకుంటున్నాం. ఏడున్నరకే వెళ్లి బెంచీలు జరిపి కుర్చీలు వేసేది, బోర్డు మీది లెక్కలు చెరిగిపోకుండా గుడ్డ కప్పేది నేనే.

మొన్న మీ కింద పనిచేసే ఒక ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది, ఆ భవనంలో ప్రార్థనలకు అనుమతి లేదట. వెళ్లి అడిగితే ఏ ఫారం నింపాలో కౌంటర్‌లో ఎవరికీ తెలియదు. ఒకరు ఫైర్ సర్టిఫికెట్ తెమ్మన్నారు, ఇంకొకరు ముందు ఇరుగుపొరుగు సంతకాలు తెమ్మన్నారు. శనివారం అదే హాల్లో జరిగే డాన్సు క్లాసుకి మాకంటే ఎక్కువ మంది వస్తారు, మోత కూడా ఎక్కువే, వాళ్లనెవరూ ఏమీ అనలేదు (అనాలని నేనూ అనను).

కొత్త సంఘం ఎక్కడైనా ఇలాగే మొదలవుతుంది సార్. బైబిల్లో చూడండి, తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు ఎఫెసు పట్టణంలో రెండేళ్లు బోధించింది తురన్ను అనే ఆయన పాఠశాలలో. డేరాలు కుట్టుకుని బతికే అకుల, ప్రిస్కిల్ల ఇంట్లోనే సంఘం కూడేది. సిరియాలో యూఫ్రటీస్ నది ఒడ్డున డ్యూరా యూరోపస్ అనే పాత పట్టణం తవ్వకాల్లో బయటపడ్డ 3వ శతాబ్దపు క్రైస్తవ ప్రార్థన మందిరం కూడా మొదట మామూలు ఇల్లే, రెండు గదుల మధ్య గోడ తీసేసి హాలు చేసుకున్నారు. మీ ప్లానింగ్ వాళ్ల కంట పడితే నోటీసు ఖాయం!

మా తప్పులూ ఉన్నాయి, దాచను. మొదటి ఏడాది స్పీకర్ తగ్గించమని కింది ఇంటి పెద్దావిడ రెండుసార్లు చెబితేగానీ వినలేదు. వద్దన్నవాళ్ల తలుపు సందుల్లో మళ్లీ కరపత్రాలు దూర్చి వచ్చాం, దాన్ని సువార్త అనరు, విసిగించడం అంటారు. ఇప్పుడు స్పీకర్ తీసేశాం, పిలిచిన ఇంటికే వెళ్తున్నాం. ఆసుపత్రిలో ఎవరికైనా తోడు కూర్చుంటే ప్రార్థనకు రావాలన్న షరతు పెట్టం. పెట్టినట్టు తెలిస్తే మమ్మల్ని నిలదీయండి.

1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 18వ అధికరణం మతాన్ని ఒంటరిగానే కాదు, నలుగురితో కలిసి ఆచరించే హక్కు కూడా ఉందంటుంది. నలుగురు కలవాలంటే చోటు కావాలి కదా.

మేం మినహాయింపు అడగడం లేదు. హాల్లో ఎంతమంది పడతారు, బయటికి దారులెన్ని, శబ్దం ఎంత ఉండొచ్చు, బళ్లు ఎక్కడ పెట్టాలి, ఇవి డాన్సు క్లాసుకీ మాకూ ఒకటే కొలతగా ఒక కాగితం మీద రాయించి కౌంటర్ దగ్గర అంటించండి. లోపల ఏం పాడుతున్నారో అందులో అక్కర్లేదు. రెండో మెట్ల దారికి అడ్డంగా ఉన్న బీరువా ఈ వారమే తీయించాం, మిగతావేంటో చెబితే అవీ చేస్తాం. నోటీసు గడువు నెలాఖరు వరకే, ఆలోగా జవాబు ఇప్పించండి.

ఇట్లు,
కుర్చీలు వేసే ఒక విశ్వాసి