మా తూముకి నీళ్ళెన్ని రోజులొచ్చాయి?

సంపాదకులకు నమస్కారం.

కృష్ణా జలాల మీద మీ పత్రికలో వస్తున్న వార్తలు చదివి, ఉండబట్టలేక రాస్తున్నాను. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. నందిగామ దగ్గర నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద మూడెకరాలుంది. మా కోడలి పుట్టిల్లు హుజూర్‌నగర్ దగ్గర. కాలువ ఒకటే, కాకపోతే వాళ్ళది మొదలు, మాది తోక. వియ్యంకుడిగారిని నేను అన్నయ్యగారూ అంటాను, ఆయన నన్ను చెల్లెమ్మా అంటారు. అలాంటి మేము నాలుగు నెలలు మాట్లాడుకోలేదు.

2023 నవంబర్ 30, తెలంగాణలో పోలింగ్ రోజు. తెల్లారేసరికి మా ఆంధ్రా పోలీసులు సాగర్ డ్యామ్ మీదికి వెళ్ళి, 26 గేట్లలో 13 తమ అధీనంలోకి తీసుకున్నారని, కుడి కాలువకు నీళ్ళు వదిలారని టీవీల్లో ఒకటే గోల. సాయంత్రం ఓటేసి వచ్చి అన్నయ్యగారు ఫోన్ చేశారు. మనవరాలికి జ్వరం తగ్గిందా అని అడగడానికే చేశారు పాపం. తగ్గిందని చెప్పి ఊరుకోవచ్చు కదా, "చూశారా, చివరికి మా నీళ్ళు మేమే తెచ్చుకోవాల్సి వచ్చింది" అన్నాను. "మీ నీళ్ళెక్కడివమ్మా, డ్యామ్ మా జిల్లాలో ఉంటే?" అన్నారాయన. అంతే. కృష్ణలో ఉమ్మడి రాష్ట్రం వాటా 811 టీఎంసీలు, అందులో ఆంధ్రకి 512, తెలంగాణకి 299 అంటూ ఇద్దరం అంకెలు విసురుకున్నాం. నా అంకెలు మీ పేపర్లోవి. ఆయనవీ మీ పేపర్లోవే.

జనవరిలో పాప పుట్టినరోజుకి వాళ్ళు రాలేదు. కోడలు ఒక్క మాట అంది. "మీ ఇద్దరి టీఎంసీల మధ్య నా బిడ్డ పుట్టినరోజు కొట్టుకుపోయింది అత్తయ్యా." నేను పిల్లలకి ఎన్నిసార్లు లెక్క ఇచ్చానో: టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, 11,574 క్యూసెక్కులు, అంటే సెకనుకి అన్ని ఘనపుటడుగులు, ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. ఈ కొట్టుకుపోవడం మాత్రం ఏ లెక్కలోనూ లేదు.

ఉగాదికి కోడలే పట్టుబట్టి వాళ్ళమ్మానాన్నల్ని రప్పించింది. పచ్చడి తిన్నాక అన్నయ్యగారూ నేనూ వరండాలో మిగిలాం. లోపలికి పోదామంటే మర్యాద కాదు, కూర్చుంటే మాట లేదు. ఆయన సంచీలోంచి ఒక పాత పేపర్ తీసి బల్ల మీద పెట్టారు. డిసెంబర్ 1 నాటి మీ పత్రిక, సూర్యాపేట జిల్లా ఎడిషన్. పోట్లాటకి సాక్ష్యంగా దాచుకున్నారట. నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే అదే తేదీ పేపర్ నేనూ బీరువాలో దాచుకున్నాను. తెచ్చి పక్కన పెట్టాను. పత్రిక ఒకటే, రోజు ఒకటే, డ్యామ్ ఒకటే. ఆయన పేపర్లో మేం దండెత్తాం. నా పేపర్లో మా హక్కు మేం తీసుకున్నాం. చదువుతూ ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "ఈ రెండూ రాసినోడు ఒక్కడేనా చెల్లెమ్మా?" అన్నారు. ఆ ప్రశ్న మీకే వదిలేస్తున్నాను.

అప్పుడొక మాట అనుకున్నాం. పేపర్లో చదివింది, టీవీలో విన్నది వద్దు. కంటితో చూసిందే చెప్పుకుందాం.

నేనే మొదలుపెట్టాను, అదీ ఎత్తిపొడుపుగానే. "మీకేం అన్నయ్యగారూ, కాలువ మొదట్లో ఉన్నారు." ఆయన తల అడ్డంగా ఊపారు. "నా పొలం సంగతి కాదమ్మా, మా అక్క సంగతి" అన్నారు. అక్కగారిని మునుగోడు వైపు ఇచ్చారట. ఆ నేల నీళ్ళలో ఫ్లోరైడ్. బోరు నీళ్ళు తాగీ తాగీ నలభై ఏళ్ళకే నడుం వంగింది. పడుకుంటే వీపు చాపకి ఆనదు, మెడ కింద రెండు దిళ్ళు పెట్టాలి. ఎవరైనా పిలిస్తే మెడ తిరగదు కాబట్టి మనిషంతా తిరిగి చూడాలి. ఇప్పుడు ఇంటికి నల్లా నీళ్ళొస్తున్నాయి, కానీ వంగిన ఎముక నిటారు కాదు. "సాగర్ కట్టింది మా నల్లగొండలో. మా అక్క ఊరికి కృష్ణమ్మ రావాలంటే శ్రీశైలం నుంచి నలభై నాలుగు కిలోమీటర్ల సొరంగం తవ్వాలి. ఇరవై ఏళ్ళ నుంచి తవ్వుతనే ఉన్నరు" అన్నారు.

ఇన్నేళ్ళ వియ్యంలో నాకు ఈ సంగతి తెలియదు. ఆయన కోపమంతా వాళ్ళ పార్టీ కోపం అనుకున్నాను.

తర్వాత నన్నడిగారు, "మీ తూముకి నీళ్ళెన్ని రోజులొచ్చాయి?" అని. అలా అడిగినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. మా అధికారులు కూడా ఎన్ని క్యూసెక్కులు వదిలారో చెప్తారు గానీ, మాదాకా ఎన్ని వచ్చాయో అడగరు. లెక్కల టీచర్ని కదా, నా దగ్గర డైరీ ఉంది. తెచ్చి చూపించాను. పద్దెనిమిది రోజుల వంతులో మా తూముకి నీళ్ళు ముట్టింది ఐదు రోజులు. అందులో రెండు రాత్రులు నేను టార్చిలైటు పట్టుకుని కాలువ గట్టు మీద కూర్చున్నాను, పైవాళ్ళు అడ్డుకట్ట వేస్తారేమోనని. పైవాళ్ళంటే తెలంగాణ వాళ్ళు కాదు, మా పక్క ఊరివాళ్ళే. మిరపతోట కళ్ళ ముందే వడలిపోయింది. ఆయన పేజీలు తిప్పుతూ, "మా దగ్గర మోటార్లు పెట్టి కాలువలోంచి తోడేది నిజమే" అన్నారు. ఆ మాట ఆయన నోటి నుంచి వస్తుందని నేననుకోలేదు.

ఒప్పుకున్నామని అనుకోకండి. 512, 299 అనేది 2015లో ఆ ఒక్క ఏడాదికి రాసుకున్న ఏర్పాటని ఆయన చెప్తే, నాకు తెలియదని ఒప్పుకున్నాను. ఉమ్మడి రాష్ట్రంలోని కృష్ణా పరీవాహకంలో మూడింట రెండు వంతులు తెలంగాణదే కాబట్టి వాటా పెరగాలంటారు ఆయన. బెజవాడ ఆనకట్ట 1855 నాటిది, అప్పటికే వాడుకుంటున్న నీళ్ళకి రక్షణ ఉండాలని కృష్ణా జలాలు రాష్ట్రాలకి పంచిన బచావత్ ట్రైబ్యునలే చెప్పింది, దాన్ని ఎలా కాదంటారంటాను నేను. ఇది ఆ రోజూ తెగలేదు, ఇవాళ్టికీ తెగలేదు. ఒక్కదాంట్లో మాత్రం ఇద్దరం ఒకే మాట మీదున్నాం. ఎవరు ఎంత తీసుకుంటున్నారో కొలిచే టెలిమెట్రీ యంత్రాలు అన్ని చోట్లా పెట్టాలి. కొన్ని చోట్ల పెట్టి మిగతావి ఏళ్ళ తరబడి నానుస్తున్నారు. మా లెక్క వాళ్ళు నమ్మరు, వాళ్ళ లెక్క మేము నమ్మం. కొలతే లేనప్పుడు వాటాల గురించి అరుచుకోవడం తూకంరాళ్ళు లేకుండా బేరమాడినట్టే.

2025 ఫిబ్రవరిలో ఆ సొరంగం కూలి ఎనిమిదిమంది లోపల చిక్కుకుపోయారని తెలిసినప్పుడు ముందు ఫోన్ చేసింది నేనే. చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. అంతకుముందైతే అది నాకు పక్క రాష్ట్రం వార్త.

మీకు నాదొక మనవి. నీళ్ళ తగాదా వచ్చిన రోజున సూర్యాపేట ఎడిషన్లో వేసిన వార్తని మాకూ, మా ఎడిషన్లో వేసినదాన్ని వాళ్ళకీ పక్కపక్కనే వేయండి. తీర్పు మీరు చెప్పక్కర్లేదు. అమ్మకాలు తగ్గుతాయేమో నాకు తెలియదు గానీ, మా రెండిళ్ళలో మాత్రం చందా మానం.

మొన్న కాలువకి నీళ్ళు వదిలిన నాలుగో రోజున అన్నయ్యగారు ఫోన్ చేశారు. "మీ తూముకి ముట్టినయా?" అన్నారు. ఇంకా లేదన్నాను. "ఆగు చెల్లెమ్మా" అని పెన్ను వెతుక్కున్న చప్పుడైంది. ఇప్పుడు ఆయనా డైరీ పెట్టారట.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల టీచరు,
నందిగామ మండలం, ఎన్టీఆర్ జిల్లా