తలుపు వెనక రోకలి

కొల్లాపూర్
ఆదివారం రాత్రి

చిన్నీ,

బాగున్నావా తల్లీ. నువ్వు కథ రాసే వీడియో గేమ్‌కు ఎక్స్‌పాన్షన్, అంటే తర్వాత వచ్చే అదనపు భాగం, గురించి మొన్న ఫోన్లో అన్న మాట నన్ను వదలట్లేదు. "ఎక్స్‌పాన్షన్‌కి పది గంటల కథ కావాలంట నాయినా. మెయిన్ కథలో అందరికన్నా పెద్ద రాక్షసుడే చచ్చిపోయాడు. వాడికన్నా పెద్దవాణ్ని ఎక్కడి నుంచి తేవాలి?" అన్నావు. నీ గొంతులో టెన్షన్ నాకు తెలిసిపోయింది. అప్పుడు నేను ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఉన్నా, నలుగురు రైతులు చుట్టూ నిలబడి ఉన్నారు, ఏమీ మాట్లాడలేకపోయా. ఈ రోజు సెలవు. మీ అమ్మ పడుకుంది. చెప్పాల్సిందంతా కూర్చుని రాస్తున్నా.

ముందుగా ఒక సంగతి. పెద్దవాణ్ని తేవద్దు. రాక్షసుణ్ని చంపాక వాడి అన్న వచ్చాడు, అన్నను చంపాక తాత వచ్చాడు అంటే మొదట చంపినదానికి విలువ పోతుంది. నీ ఆట ఆడినవాళ్లు అరవై గంటలు కష్టపడి ఆ ముగింపు దాకా వచ్చారు. దాన్ని నువ్వే తక్కువ చేయకూడదు.

2020 లాక్‌డౌన్‌లో నువ్వు ఇంట్లో ఉన్న రోజులు గుర్తున్నాయా. అన్నాలు తిన్నాక ల్యాప్‌టాప్ టీవీకి తగిలించి విచర్ 3 అనే ఆట ఆడేదానివి. నేను మంచం మీద కూర్చుంటే వాళ్ల మాటలన్నీ తెలుగులో చెప్పేదానివి. పోలండ్ వాళ్లు చేశారని, 2015 మేలో వచ్చిందని, అదే ఏడు అక్టోబర్‌లో దానికి 'హార్ట్స్ ఆఫ్ స్టోన్' అని మొదటి ఎక్స్‌పాన్షన్ వచ్చిందని నువ్వే చెప్పావు. అందులో అద్దాలు అమ్మేవాడు, ఆ గాంటర్ ఓడిమ్, నాకు ఇప్పటికీ కళ్ల ముందు మెదులుతాడు. అసలు ఆట మొదట్లో, వైట్ ఆర్చర్డ్ అనే పల్లెలో, సత్రంలో కూర్చుని ఆ ఆట వీరుడు గెరాల్ట్‌తో నాలుగు మాటలు మాట్లాడి పోయినవాడు. గెరాల్ట్ వెతుకుతున్న ఆమె జాడ చెప్పి తప్పుకున్నాడు, అంతే. వాణ్ని ఎవరు పట్టించుకుంటారు? నేనూ పట్టించుకోలేదు. ఎక్స్‌పాన్షన్‌లో గెరాల్ట్ ఓడలో బందీగా పడి ఉంటే వచ్చి నిలబడింది వాడే. "నాయినా, గుర్తుపట్టినవా?" అని నువ్వు అరిచిన అరుపుకు మీ అమ్మ నిద్రలో నుంచి లేచి వచ్చింది.

అక్కడే ఉంది బిడ్డా కిటుకు. కొత్తవాణ్ని ఆకాశం నుంచి దింపలేదు. మూలన కూర్చున్నవాణ్నే లేపారు.

ఇంకోటి కూడా నువ్వే చెప్పావు. ఆ కథకు వాళ్ల దేశపు పాత కథే మూలం అని. ట్వార్డోవ్‌స్కీ అనేవాడు దయ్యంతో ఒప్పందం రాసుకుంటాడు, రోమ్‌లో తప్ప నా ఆత్మను తీసుకోకూడదని. రోమ్ వైపే పోకుండా తిరుగుతాడు. చివరికి 'రోమ్' అని పేరు పెట్టిన ఒక సత్రంలో దొరికిపోతాడు, ఆ తర్వాత చంద్రుడి మీద మిగిలిపోతాడు. ఆట రాసినవాళ్లు దాన్ని తమ చేతిలోకి తీసుకుని ఎట్లా తిప్పారో చూడు. ఇద్దరం చంద్రుడి మీద నిలబడినప్పుడే నీ ఆత్మ నాది అని ఓడిమ్‌తో ఒప్పందం రాసుకున్న ఓల్గీర్డ్ అనేవాణ్ని, నేల మీద చంద్రుడి బొమ్మ పరిచిన పాత గుడిలోకి తెచ్చి నిలబెట్టారు. ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. మా చిన్నప్పుడు తంబూర పట్టుకుని వచ్చే బుడగ జంగాల ఆయన ఒకడు ఉండేవాడు. మూడు రాత్రుల కథ అయిపోయాక ఊరోళ్లు ఇంకో రాత్రి చెప్పమని పట్టుబడితే, "రాజు కథ ఒడిసింది, ఇగ రాజు గుర్రాన్ని పట్టినోని కథ చెప్త" అనేవాడు. చచ్చిన రాజును మాత్రం ఎప్పుడూ లేపలేదు.

ఇక నీ ఆట సంగతి.

సంక్రాంతికి నువ్వు పెట్టి ఇచ్చి పోయావు కదా, రోజూ రాత్రి గంటన్నర సేపు ఆడి ఫిబ్రవరి చివర పూర్తిచేశా. నీటి రాక్షసుడు చచ్చాడు, వీరుడు రాతి తలుపు మూశాడు, నది నిలిచింది, పట్నానికి నీళ్లు వచ్చాయి. కాలువలో చేతులు పెట్టి ఆ చిన్నపిల్ల నీళ్లు తాగే సీను చాలా బాగా రాశావు. తర్వాత చెరువు నిండుగా, కొండల దాకా చూపించారు. అప్పుడు నా చెయ్యి ఆగిపోయింది. నీళ్ల అవతల రెండు మొనల గుట్ట కనిపించింది. ఆట మొదట్లో ఆ గుట్ట కిందే ఏడిండ్ల ఊరు ఉంది. అక్కడ ఒక ముసలామె వీరుడికి అంబలి పోస్తుంది, దెబ్బకు ఆకు పసరు కడుతుంది. గుట్ట నడుము దాకా నీళ్లుంటే ఊరు ఎక్కడుంది తల్లీ?

నేను మ్యాప్ తెరిచి వెనక్కి పోయి చూశా. ఊరు అట్లాగే ఉంది. ముసలామె మొదటి రోజు చెప్పిన మాటే మళ్లీ చెప్పింది, "దూరం నుంచి వచ్చినవా కొడకా, కూర్చో" అని. మీవాళ్లు ఆ ఊరిని మరిచిపోయారు. నీటి మీద నుంచి గుట్టను చూసి కింద ఊరెక్కడుందో లెక్కగట్టడం నాకు అలవాటు కాబట్టి నాకు దొరికింది. మన ఊరినీ నేను అట్లాగే చూస్తా. సోమశిల రేవులో నిలబడి, అవతలి గుట్ట మెడ వంగిన చోటు నుంచి చూపు కిందికి దించితే మా వాకిలి.

ఈ కథ నీకు ముక్కలు ముక్కలుగా తెలుసు. మొత్తం నేను ఎప్పుడూ చెప్పలేదు. శ్రీశైలం డ్యాం నీళ్ల కింద పోయిన వందకు దగ్గర ఊళ్లలో మనదీ ఒకటి. 1981 ఎండాకాలం, నాకు పదేళ్లు. ఎవరి ఇల్లు వాళ్లే విప్పుకున్నారు. పెంకులు, వాసాలు, తలుపులు, చివరికి గడపలు కూడా. అవన్నీ ఎడ్లబండ్లకు ఎత్తారు. మాకు ఒక్క బండి. అది రెండుసార్లు తిరిగింది, మూడోసారికి ఎడ్లు నిలబడలేకపోయాయి. చివరి బండి మీద నడింటి దూలం ఎక్కించారు. వాకిట్లో పాతిన రాతి రోలు మిగిలింది. మీ నాయనమ్మ దాని చుట్టూ గడ్డపారతో తవ్వి పెట్టింది, పొద్దున్నుంచి తనే తవ్వింది. మీ తాత వచ్చి చూసి, "అది ఎక్కించాలంటే దూలం దించాలె. దూలం లేకుంటే ఇల్లు లేదు" అన్నాడు. ఆమె ఏమీ అనలేదు. గోడకు ఆనించిన రోకలి తీసుకుని బండి వెనక నడిచింది. పద్నాలుగు మైళ్లు, రోకలి భుజం మీద.

మన ఇంట్లో తలుపు వెనక నిలబెట్టి ఉందే, నువ్వు చిన్నప్పుడు గద అని ఎత్తుకుని ఆంజనేయుడి వేషం వేసేదానివి, అదే ఆ రోకలి. దానికి రోలు ఏదీ అని నువ్వు ఒకసారి అడిగావు. నేను మాట మార్చేశా.

2003లో నీళ్లు బాగా తగ్గినప్పుడు మీ నాయనమ్మను తీసుకుపోయా. నువ్వు అప్పుడు అమ్మమ్మ ఇంట్లో ఉన్నావు. పగిలిన ఒండ్రు మట్టి మీద నడుచుకుంటూ పోయాం. గోడలు మోకాలెత్తున మిగిలాయి. గుట్టను చూసింది, అటు పది అడుగులు, ఇటు పది అడుగులు వేసింది, కూర్చుని చేత్తో మట్టి తీసింది. రోలు అంచు తగిలింది. లోపల గొంతు దాకా ఒండ్రు. పిడికెడు పిడికెడు తీసి, కొంగు తడుపుకొచ్చి తుడిచింది. అడుగున నల్లగా, నున్నగా ఉంది, నిన్ననే కారం దంచినట్టు. "ట్రాక్టర్ మాట్లాడి ఇంటికి తీసుకుపోదామా అమ్మా?" అన్నా. "ఉండనీ. ఈడ ఇల్లున్నదని గుర్తుండాలె గద" అంది.

బిడ్డా, నీ ఆటలో సంచి బరువు నూట ఇరవై దాటితే వీరుడు పరుగెత్తలేడు, తెర మీద ఎర్రగా అక్షరాలు వస్తాయి. అది చూసినప్పుడల్లా నాకు ఆ బండే గుర్తొచ్చింది. మీరు కత్తులు, కవచాలు మోయడానికే ఆ లెక్క పెట్టుకున్నారు. అదే లెక్కతో ఆ ఏడిండ్ల ఊరి కథ చెప్పు. రాతి తలుపు మూసింది వీరుడే. నీళ్లు ఎక్కుతున్నాయని అతనికి కబురు రావాలి. వెనక్కి పోతే అంబలి పోసిన ముసలామె గుర్తుపట్టాలి. ఒక్కటే బండి. ఏ ఇంట్లో నుంచి ఏం తేవాలో ఆడేవాళ్లే తేల్చుకోవాలి. ఒకరి మగ్గం, ఒకరి పిల్ల ఊయల, ఒకరి విత్తనాల కుండ. గుడి కూడా ఉంటుంది కదా, దాన్నీ అడుగుతారు. కృష్ణా తుంగభద్ర కలిసే చోట ఉన్న కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని రాయి రాయి విప్పి అలంపూర్‌లో మళ్లీ కట్టారు, నీ టెన్త్ సెలవుల్లో చూశాం. గుడి మోస్తే ఎన్ని ఇండ్ల సామాను ఆగిపోతుందో అక్కడ తెలియాలి.

గడియారం మాత్రం పెట్టకు. సెకన్లు పరుగెడుతుంటే ఆడేవాడు ఎవరి మాటా వినడు, చేతికి దొరికింది ఎత్తుకుని పరుగెడతాడు. బండి ఒకసారి పోయి వచ్చినప్పుడల్లా నీళ్లు ఒక మెట్టు ఎక్కితే చాలు. మధ్యలో ఎంతసేపైనా అరుగు మీద కూర్చోనీ. ఏది తెస్తే ఎన్ని పాయింట్లు అనే లెక్క కూడా వద్దు. కొత్త ఊళ్లో, తెచ్చిన ఇంటి ముందు తెచ్చిన వస్తువు కనిపించాలి. తేనిది ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు మట్టిలో కనిపించాలి.

చివరి దాకా వచ్చినవాడి దగ్గర పెద్ద పెద్ద కత్తులుంటాయి, కొత్త కథలో వాడికి కష్టం ఎట్లా అని నువ్వు అడిగావు. ఎల్డెన్ రింగ్ అనే ఇంకో ఆట ఎక్స్‌పాన్షన్ 2024 జూన్‌లో వచ్చినప్పుడు, పాత బలం అక్కడ చాలదని, అక్కడ దొరికే స్కాడూట్రీ ముక్కలు ఏరుకుంటేనే ఆ నేల మీద నిలబడగలరని చెప్పావు. మంచి ఉపాయమే. నీ కథలో మాత్రం ఆ అవసరం రాదేమో. నీళ్లను కత్తి ఏం చేస్తుంది? ఎంత బలవంతుడైనా బండి అంతే ఉంటుంది. ఆటన్నాక కొట్లాట కావాలంటారు నీ పైవాళ్లు, దారిలో దొంగలను పెట్టు, ఖాళీ ఇండ్లలో చేరే పిశాచాలను పెట్టు. వాటిని నువ్వు బాగానే రాస్తావు.

ఒక్కటి జాగ్రత్త. పట్నం వాళ్లను దుర్మార్గులను చేయకు. ఆ చిన్నపిల్ల నీళ్లు తాగిన సీను ఉండాల్సిందే. ఆ నీళ్లు నిజం, ఆమె దాహం నిజం. నేను ఇరవై ఏడేళ్లుగా కరెంటు స్తంభాలు ఎక్కుతున్నా. శ్రీశైలం ఎడమ గట్టు పవర్‌హౌస్ ఒక్కటే 900 మెగావాట్లు. ఆ తీగల కింద పిల్లలు చదువుకోవడం నేను చూశా, నువ్వూ ఆ వెలుతురులోనే చదివావు. ఆ సంతోషం నాకుంది. రోజూ పొద్దున పేపర్లో శ్రీశైలం నీటిమట్టం కూడా చూస్తా. 885 అడుగులు నిండిందని రాస్తే రైతులందరితో పాటు నాకూ మంచిగనిపిస్తుంది, ఆ వెంటనే మా వాకిలి మీద ఎంత లోతు నీళ్లున్నాయో లెక్క వేస్తా. రెండూ నాలోనే ఉన్నాయి. నీ వీరుడిలో కూడా రెండూ ఉండాలి.

విచర్ రెండో ఎక్స్‌పాన్షన్ 'బ్లడ్ అండ్ వైన్', 2016లో ఉత్తమ ఆర్‌పీజీ, అంటే పాత్రలో దూరి ఆడే ఆట, అవార్డు తెచ్చుకుంది కదా, అందులో ఊరూరా తిరిగే గెరాల్ట్‌కు ద్రాక్షతోటలో ఒక ఇల్లు ఇస్తారు. మంచం, గోడకు పటం, ఎసరు పెట్టే పొయ్యి. అది చూసి నాకు కడుపు నిండింది. నీ వీరుడికి ఇల్లు ఇవ్వాలనుకుంటే కొత్త ఊళ్లో ఇవ్వు. ముసలామె పక్కింట్లో. రోకలి ఆమె తలుపు వెనకే ఉండనీ, సంచిలోకి ఎక్కే వస్తువుగా చేయకు. ఆడేవాడు ఎవరైనా "దీనికి రోలు ఏదమ్మా?" అని అడిగితే ఆమె ఏమంటుందో నువ్వే రాయి. నేనైతే మాట మార్చా. ఆమె మార్చకుండా ఉంటే బాగుంటుంది.

ఈసారి నీళ్లు తొందరగా తగ్గేటట్టున్నాయి. గోడలు బయటపడగానే ఫోన్ చేస్తా, రెండో శనివారం చూసుకుని వచ్చెయ్. తెల్లారకముందే బయలుదేరుదాం, ఎండెక్కితే ఆ మట్టి మీద నిలబడలేం. పాత చెప్పులు వేసుకో, రేవు దగ్గర బురద మోకాళ్ల దాకా దిగబడుతుంది. కొలతలకు టేపు నా దగ్గర ఉంది. రోలు లోతెంతో, అంచు ఎంత అరిగిందో రాసుకుందువు.

మీ నాయిన