ఆ రోడ్డు తెగితే ఇంకో దారి ఉందా?

సంపాదకులకు,

కొత్త రోడ్డు మాట వచ్చినప్పుడల్లా ఏ రోడ్డు మీద ఎన్ని బళ్లు తిరుగుతున్నాయన్న లెక్కే ముందు తీస్తారు. ఆ రోడ్డు తెగితే ఇంకో దారి ఉందా అని అడిగేవాళ్లు తక్కువ. నేను 31 ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. డయాలసిస్‌కు వెళ్లాల్సిన నా భార్యతో కొట్టుకుపోయిన కల్వర్టు ఇవతల ఒక రాత్రంతా కూర్చున్నాను. అప్పటినుంచి ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

2007 ఆగస్టు 1న అమెరికాలోని మినియాపొలిస్‌లో మిసిసిపి నది మీది వంతెన కూలి 13 మంది చనిపోయారు. రోజుకు సుమారు 1,40,000 బళ్లు తిరిగే వంతెన అది. ఘోరమే, కానీ నగరం రెండు ముక్కలు కాలేదు. మిగతా వంతెనల మీదుగా రాకపోకలు సాగాయి. మేం ఆగిపోయిన కల్వర్టు మీద తిరిగే బళ్లు కొద్దే. అది పోతే మాత్రం అవతలికి దారే లేదు. బళ్ల లెక్కలో ఈ తేడా కనపడదు.

పటంలో కనపడుతుంది. కూడళ్లను చుక్కలుగా, రోడ్లను గీతలుగా వేసి ఒక్కో గీతా చెరిపి చూడండి. పటం రెండుగా విడిపోయిందంటే ఆ గీతే బలహీనమైన లింకు. వేల రోడ్లున్నా ఇలాంటివన్నీ పట్టుకునే వేగమైన పద్ధతిని కంప్యూటర్ శాస్త్రవేత్త రాబర్ట్ టార్జాన్ 1974లోనే ప్రచురించారు. మామూలు కంప్యూటర్‌కు క్షణాల పని.

కొత్త దారులు కనీసం ఎన్ని కావాలో కూడా తేలుతుంది. బలహీన లింకులన్నీ తీసేస్తే పటం గుంపులుగా మిగులుతుంది. వాటిలో ఒకే ఒక్క లింకుతో వేలాడుతున్న గుంపులు 7 ఉన్నాయనుకోండి. ఒక్కో కొత్త రోడ్డు అలాంటి రెండు గుంపులను కలపగలదు కాబట్టి 7లో సగం మూడున్నర, అంటే 4 రోడ్లు. సరైన జతలు చూసి కలిపితే, ఆ తర్వాత ఏ ఒక్క రోడ్డు తెగినా ఎవరికీ దారి మూసుకుపోదు. ఈశ్వరన్ అనే మరో పరిశోధకుడు, టార్జాన్ కలిసి 1976లో దీన్ని నిరూపించారు.

కొండలు, ఖర్చు ఈ లెక్కకు తెలియవు, అవి ఇంజినీర్లు చూసుకోవాలి. ఒక్కటి మాత్రం మరవకూడదు. కొత్త రోడ్డు కూడా అదే వాగును అదే పల్లంలో దాటితే, ఒక్క వానకే రెండూ మునుగుతాయి. ఉన్న రోడ్డునే వెడల్పు చేసినా అంతే, తెగేది ఒక్కచోటే.

ప్రతి రోడ్డు ప్రణాళికతో పాటు బలహీన లింకుల పటం కూడా జనం ముందు పెట్టాలని మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. ఆసుపత్రికి ఒకే దారి ఉన్న చోట్లు అందులో ముందుండాలి. మా ఆవిడకు వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆ కల్వర్టును మళ్లీ కట్టారు. రెండో దారి ఇంకా లేదు.

– ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు