సింగరాయకొండ పెద్దాయనకు

ఒంగోలు నుంచి కావలి వెళ్తుంటే సింగరాయకొండ దాటగానే బానెట్ కింద మళ్లీ అదే గలగల. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ను పట్టి ఉంచే బోల్టు వదులవడం అది నాలుగోసారి. బిగించి పంపినవారే తప్ప ఎందుకని చూసినవారు లేరు. నేనూ అడగలేదు లెండి.

మీరు ముందు స్పానర్ ముట్టలేదు. బోల్టు తీసి, చీపురుపుల్ల ఒకటి రంధ్రంలోకి దించి, గోటితో గుర్తు పెట్టి, బోల్టు పక్కన ఆనించారు. బోల్టే పొడుగు! కొస అడుగున తగిలి బిగిసినట్టు అనిపిస్తోంది గానీ బ్రాకెట్టును అదమడం లేదు. ఇంజన్ అదురుకు మళ్లీ వదులు. సరైన పొడవుది వేసి, థ్రెడ్డుకున్న నూనె తుడిచి బిగించారు.

పేరడిగితే, "చీకటి పడుతోంది, బయల్దేరు నాయనా" అన్నారు. రెండు నెలలైంది, బోల్టు కదలలేదు. మీకు నా నమస్కారాలు.