ఫిజీ బస్సుకి కిటికీ అద్దాలుండవురా

ఒరేయ్ శీనుగా,

"ఫిజీ అంటే డబ్బున్నోళ్లు హనీమూన్‌కి పోయే చోటు కదరా, నువ్వెలా వెళ్లావు?" అని ఫోన్‌లో ఎగతాళి చేశావుగా. అప్పుడు బయట ఉండి సరిగ్గా చెప్పలేకపోయాను. ఇదిగో, తీరిగ్గా రాస్తున్నా.

ఇక్కడ న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్ నుంచి ఫిజీకి మూడు గంటల విమానం. ఇండియా పాస్‌పోర్టుకి ముందుగా వీసా అక్కర్లేదు, దిగాక నాలుగు నెలలకు ముద్ర వేసి పంపిస్తారు. ఎయిర్‌పోర్ట్ గేటు దాటేసరికి టాక్సీవాళ్లు చుట్టూ మూగారు. నేను మాత్రం మెయిన్ రోడ్డు మీదికి నడిచి బస్టాప్‌లో నిలబడ్డాను. అక్కడే మొదటి దెబ్బ తగిలింది. బస్సు రాగానే ఎక్కి ఇరవై డాలర్ల నోటు చాచాను. డ్రైవర్ నోటు వంక కూడా చూడకుండా ఓ చిన్న మిషన్ చూపించి "కార్డ్" అన్నాడు. 2017లో అక్కడి బస్సుల్లో డబ్బు తీసుకోవడం ఆపేశారట, కార్డే ఆనించాలన్నారు. వెనక నిలబడ్డ పెద్దావిడ నన్ను పక్కకి జరిపి, తన కార్డు రెండుసార్లు ఆనించి "కూర్చో బేటా" అంది. చిల్లర ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టింది. దిగగానే మొదటి కిరాణా కొట్లో కార్డు కొనుక్కున్నాను. నువ్వు మాత్రం ఎయిర్‌పోర్ట్‌లోనే అడిగి కొనేసుకో.

ఇంకో సంగతి. ఎయిర్‌పోర్ట్ ఉన్న ఊరి పేరు బస్సు బోర్డు మీద ఇంగ్లీషు అక్షరాల్లో చూసి 'నాడి' అని చదువుతావు. ఆ పేరు అడిగితే ఎవరికీ అర్థం కాదు, నోటితో 'నాండి' అనాలి. 'సిగటోక' అని రాసి ఉంటే 'సింగటోక' అనాలి. వాళ్ల రాతలో ఇంగ్లీషు 'డి', 'జి' అక్షరాల ముందు ఒక సున్నా దాక్కుని ఉంటుందన్నమాట. మన సున్నాని మింగేశారు అని గుర్తుపెట్టుకో, చాలు.

నాండి నుంచి రాజధాని సువా వరకు క్వీన్స్ రోడ్డు, దాదాపు 190 కిలోమీటర్లు. అటువైపు లౌటోక, రాకిరాకి మీదుగా వెళ్లేది కింగ్స్ రోడ్డు, ఇంకా పొడవు. రెండూ కలిపితే ఈ ఊళ్లన్నీ ఉన్న పెద్ద దీవి విటి లెవు మొత్తం చుట్టి వచ్చినట్టే, 450 కిలోమీటర్ల పైచిలుకు. ఏసీ ఎక్స్‌ప్రెస్సులూ ఉన్నాయి గానీ నేను ఎక్కింది మామూలు బస్సు. కిటికీలకి అద్దాల్లేవు, పైన చుట్టి కట్టిన టార్పాలిన్ పట్టాలే. ఒక పక్క కొబ్బరిచెట్లూ సముద్రమూ, ఇంకో పక్క చెరకు తోటలు. మధ్యలో రోడ్డు దాటుతూ చెరకు మోసే బొమ్మరైలు లాంటి చిన్న రైలు. ఆగస్టులో కోతల సీజన్ కదా, దాని కోసం బస్సు ఆగితే ఎవరూ విసుక్కోలేదు. సువా దగ్గర పడేసరికి నవువా దాటాక వాన మొదలైంది. ఆ క్షణంలో చూడాలిరా! ఎవరూ చెప్పకుండానే బస్సులో వాళ్లంతా ఒక్కసారి లేచి తలో తాడూ లాగి పట్టాలు దింపేశారు. రెండు నిమిషాల్లో బస్సంతా చీకటి, తడిసిన గుడ్డ వాసన. సువా వైపు ఎప్పుడూ వానే, నాండి వైపు ఎండ. ఆగ్నేయం నుంచి వచ్చే గాలి కొండలకి అటే కక్కేసి ఇటు పొడిగా దిగుతుందట. అందుకే ఎక్కువ రిసార్టులు ఎండ వైపే కట్టుకున్నారు.

పక్కన కూర్చున్న తాతగారు, వయసు ఎనభై ఉంటుంది, "ఎక్కడి నుంచి?" అన్నారు హిందీలో. అక్కడి హిందీ మన హిందీ కాదు, కొంచెం యాస వేరు. గుంటూరు అన్నాను. ఆయన ఊరి పేరు వినలేదు గానీ "మా తాత మద్రాసులో ఓడెక్కాడు" అన్నారు. గిర్మిట్ కూలీలు రా, అంటే తెల్లదొరలు ఒప్పందం రాయించుకుని తీసుకెళ్లినవాళ్లు. 1879లో మొదటి ఓడ కలకత్తా నుంచి పోయింది, మద్రాసు వైపు వాళ్లని 1903 నుంచి తీసుకెళ్లారు. చెరకు తోటలు వీళ్లే వేశారు. ఆయనకి తెలుగు రాదు, ఇంటి పేరు మాత్రం నాయుడు. నేను మన భాషలో ఏదో అంటే ఆలోచించి ఆలోచించి "నీళ్లు" అన్నారు, ఇంకాసేపటికి "అన్నం" అన్నారు. తర్వాత ఇద్దరం కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాం. అక్కడ తెలుగువాళ్ల ఆంధ్ర సంగం 1941 నుంచే ఉంది.

తిండికి ఖర్చు పెట్టకు. బస్టాండు పక్కనే మార్కెట్, అన్ని ఊళ్లలోనూ ఇంతే. అక్కడ చామదుంపలు, కర్రపెండలం, మామిడి కాయలు తూకం వెయ్యరు, కుప్పలు పోసి కుప్పకింత అని రేటు. బస్టాండులో రోటీ పార్సెల్ దొరుకుతుంది. పల్చటి రోటీలో ఆలూ కూర చుట్టి కాగితంలో పెట్టిస్తారు. రెండు తింటే మధ్యాహ్నం గడిచిపోయింది.

ఇక జాగ్రత్తలు. ఆదివారం ప్రయాణం పెట్టుకోకు. బస్సులు తగ్గిపోతాయి, చర్చికి వెళ్లే జనం తప్ప రోడ్డు ఖాళీ. నేనా సంగతి తెలియక సిగటోక దగ్గర ఇసుక దిబ్బలు చూసి, రెండు గంటలు ఎండలో నిలబడ్డాను. ఆఖరికి తన స్టాండుకి తిరిగిపోతున్న టాక్సీ దొరికింది. అలా ఖాళీగా వెళ్లేవాళ్లు తలా కొంచెం తీసుకుని ఎక్కించుకుంటారు. ముందే రేటు అడిగి ఎక్కు. మినీవ్యాన్లూ ఉన్నాయి, నిండగానే కదులుతాయి, బస్సు కంటే తొందరగా తీసుకెళ్తాయి. నేను ఒకసారి ఎక్కాను. ఆ డ్రైవర్ స్పీడుకి మన గుంటూరు ఆటోవాళ్లే బెటర్ అనిపించింది, ఆ టెన్షన్ మళ్లీ వద్దు.

ఇసుక దిబ్బలకి పోతే చెప్పులు వేసుకుని పో, కాళ్లు కాలిపోతాయి. నాండిలో సుబ్రహ్మణ్యస్వామి గుడికి వెళ్లేప్పుడు లాగూలేసుకోకు, లుంగీ లాంటి 'సులు' ఒకటి కొనుక్కుంటే అన్నిటికీ పనికొస్తుంది. చిన్న దీవులకి వెళ్లే పడవలు ఖరీదు, ఒక్కరోజుకి పోయి రావటం నాకు నచ్చలేదు, రెండు రాత్రులు ఉంటేనే పో. ఫిజీ పాత రాజధాని లెవూక మాత్రం నేను మిస్సయ్యాను, సువా నుంచి బస్సూ పడవా కలిపి తీసుకెళ్తాయట, నువ్వెళ్లి చూసి నాకు చెప్పు.

సెలవు ఎప్పుడు దొరుకుతుందో రాయి. నా బస్సు కార్డులో ఇంకా నాలుగు డాలర్లు మిగిలాయి, ఈ కవర్లోనే పెడుతున్నా. పిన్నిని అడిగానని చెప్పు.

నీ పాత రూమ్మేట్